పిడకల గోడ మీద కొలత

మా ఇంట్లో ఇప్పుడొక సైకిలుంది. అది ఎక్కడికీ పోదు. మోకాళ్లు అరిగాయి కాబట్టి రోజూ కాసేపు సైకిలు తొక్కమని తిరుపతిలో ఎముకల డాక్టరు అనడమూ, మా అమ్మాయి ఆ మాట నేలన పడనీయకుండా ఫోనులో ఆర్డరు పెట్టడమూ, ఇద్దరు మనుషులు పెద్ద అట్టపెట్టె మోసుకొచ్చి హాల్లో కిటికీ పక్కన బిగించిపోవడమూ వారం తిరక్కుండా జరిగిపోయాయి. ఉద్యోగంలో ఏళ్ల తరబడి సైకిలు తొక్కీ తొక్కీ మోకాళ్లు అరగదీసుకున్నదాన్ని నేను. ఆ అరుగుడుకు మందు మళ్లీ సైకిలేనట. ముల్లును ముల్లుతోనే తీయాలంటారు కదా, సరే అనుకుని ఎక్కి కూచున్నాను. కిటికీలోంచి ఎదురింటి మేడ మీది నీళ్ల ట్యాంకు తప్ప ఏమీ కనబడదు. ఎంత తొక్కినా ఆ ట్యాంకు దగ్గరికి రాదు, దూరం పోదు. దాన్నయినా ఓర్చుకోవచ్చు. కానీ ఆ సైకిలు హ్యాండిల్ ఉంది చూశారూ, వంపన్నది లేని అడ్డకడ్డీ, దాన్ని పట్టుకున్న కాసేపటికే బొటనవేళ్ల మొదళ్లలో పోటు, చిటికెన వేళ్లలో తిమ్మిరి. మా అమ్మాయికి చెబితే, "తొక్కేది కాళ్లతో కదమ్మా, చేతులతో నీకేం పని" అంది. బాగా చదువుకున్న పిల్ల. దాంతో వాదం పెట్టుకునే ఓపిక నాకు లేదు. ఈమధ్య దేనికీ లేదు.

నిజానికి ఆ పోటు నాకు పాత చుట్టమే. పెళ్లయిన కొత్తలో పలమనేరు పక్క పల్లెల్లో నర్సమ్మగా పనిచేసేదాన్ని. పిల్లలకు టీకాలు, గర్భిణీలకు సూదులు, మాత్రలు, వేళకు డాక్టరు అందని చోట కాన్పులు. పలమనేరు చల్లటి ఊరని అందరూ మెచ్చుకుంటారు గానీ, ఆ చల్లదనమంతా ఎత్తుపల్లాల వల్ల వచ్చిందేనని సైకిలు తొక్కేవాళ్లకే తెలుసు. దిగిన ప్రతి పల్లానికీ అవతల ఒక మిట్ట ఉంటుంది. వెనక క్యారియరు మీద మందుల ఐసుపెట్టె, దాన్ని కట్టిన పాత ట్యూబు, ముందు నా చీర కుచ్చిళ్లు, ఇన్నింటినీ సర్దుకుంటూ మిట్టెక్కేసరికి భారమంతా మణికట్ల మీదికి వచ్చేది. సైకిలు మా ఆయన చిత్తూరు నుంచి తెచ్చినది. అక్కడ కోర్టులో గుమాస్తాగా ఉండేవారు, వారానికోసారి వచ్చేవారు. కొత్త ఫ్యాషనని చెప్పి, హ్యాండిల్ అడ్డంగా కడ్డీలాగా ఉండే సైకిలు ఏరికోరి తెచ్చారు. చూడ్డానికి బాగానే ఉండేది. తొక్కేది ఆయన కాదు కదా.

మా మామకు ఆ సైకిలును చూస్తేనే ఒళ్లు మండేది. బస్టాండు దగ్గర ఆయనకు సైకిళ్లు అద్దెకిచ్చే అంగడి, దాని వెనకాల చిన్న కొలిమి ఉండేవి. పంక్చర్లు వేసి పొట్టపోసుకునే మనిషే గానీ, హ్యాండిళ్ల విషయంలో మాత్రం లోకానికి బుద్ధి చెప్పడానికి పుట్టానని ఆయన నమ్మకం. అంగడికొచ్చిన ప్రతివాణ్ణీ నిలబెట్టి, చేతులు వేలాడేయమనేవాడు. "సూడప్పా, అరసేతులు ఒగదాన్నొగటి సూసుకుంటా ఉండాయి. దేవుడు సేతులు అట్ల పెట్టినాడు. హ్యాండిల్ గూడా అట్లనే ఎనక్కి తిరిగి నీ తట్టు రావల్ల. అది రాకపోతే నువ్వు పోవల్సొస్తాది, అప్పుడు నడుం పోతాది" అని పాఠం చెప్పి గానీ గాలి కొట్టేవాడు కాదు. పాలు పోసేవాళ్లకూ, బట్టల మూటలతో పల్లెలు తిరిగేవాళ్లకూ కావాలంటే సొంతంగా హ్యాండిల్ చేసిచ్చేవాడు. పైపులో పొడి ఇసుక దట్టించి, రెండు కొసలా చెక్క బిరడాలు కొట్టి, కొలిమిలో ఎర్రగా కాల్చి, మొద్దుకు ఆనించి మెల్లగా వంచేవాడు. ఇసుక ఉండబట్టి పైపు నలగకుండా వంగేది. కొలతకు మాత్రం టేపు ముట్టుకునేవాడు కాదు. పలక మీద జిగట మట్టి పరిచి, కళ్లు మూసుకుని రెండు చేతులూ ఆనించమనేవాడు. ఆ అచ్చులో చెయ్యి ఎటు వాలిందో, వేళ్లు ఎంత లావో చూసి వంపు తీసేవాడు. పది మందిలో ఏడెనిమిది మందికి బాగానే కుదిరేది. కుదరని వాళ్లతో, తప్పు నీ చేతుల్లో ఉందని పోట్లాడేవాడు.

నా చేతులు పాడవుతున్నాయని ఇంట్లో అందరికీ తెలుసు. రాత్రి అన్నం కలుపుకోబోతే వేళ్లు వంగేవి కావు. నేను బయటికి చెప్పేదాన్ని కాదు, ఎందుకంటే చెబితే మా అత్త అనబోయే మాట నాకు ముందే తెలుసు. ఉద్యోగం మానేయమంటుంది. మా అత్తకు నేను ఊళ్లు పట్టుకు తిరగడం మొదటినుంచీ ఇష్టం లేదు. అయితే ఒకనాడు ఒక గుడిసెలో, అప్పుడే పుట్టిన బిడ్డను తల్లి పక్కనుంచి ఎత్తుకోబోయాను. వేళ్లకు పట్టు చిక్కలేదు. బిడ్డ నా చేతుల్లోంచి జారి తల్లి ఒడిలోనే పడింది కాబట్టి సరిపోయింది. ఎవరూ గమనించలేదు. అయినా ఇంటికొచ్చి నా అంతట నేనే మా అత్తకు చెప్పేశాను. ఆమె తిట్టలేదు. "ఉగాది దాకా సూద్దాం మే. అప్పుటికీ సేతులు ఇట్లనే ఉంటే, కాయితం రాసిచ్చేసి ఇంట్లో ఉండు" అంది. నేను సరేనన్నాను. అనక ఏం చెయ్యను? బిడ్డను జారవిడిచే చేతులతో నర్సు పని ఎలా చేసేది? కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ ఉద్యోగం మీద నాకు ఎంత ఆశ ఉందో అప్పుడే తెలిసింది. పుట్టింట్లో ఒకరి కూతుర్ని, ఇక్కడ ఒకరి కోడల్ని. ఆ మిట్టల మీద, ఎవరూ పిలవని ఆ దారిలో, ఐసుపెట్టె చప్పుడు వింటూ పోయే వేళ మాత్రమే నేను నేనుగా ఉండేదాన్ని. అది పోతే మళ్లీ దొరకదని దిగులు పట్టుకుంది.

ఈ గడువు మాట మా మామ చెవిన పడింది. మర్నాడే బజార్లో దొరికే వంపు హ్యాండిల్ ఒకటి తెచ్చి బిగించాడు. అది మగవాళ్ల భుజాలకు చేసినది, పట్టుకుంటే నా చేతులు దండెం మీద ఆరేసిన రవికెలాగా చాపుకోవాల్సి వచ్చేది. పనికిరాదని తేలింది. "కొనుక్కొచ్చేదానికి నేనెందుకు ఉండేది? నేనే సేస్తాను" అన్నాడు. అక్కడ వచ్చి పడింది చిక్కు. చెయ్యాలంటే కొలత కావాలి. కొలత కావాలంటే నేను ఆయన ఎదుట మట్టిపలక ముందు కూచుని చేతులు పెట్టాలి. మా అత్తవారింట్లో కోడలు మామ ఎదుట కూచోదు, ఆయనతో నేరుగా మాట్లాడదు. ఆయన కూడా పెరట్లోకి రావాలంటే ముందు దగ్గి వచ్చేవాడు. ఆ దగ్గు వినగానే నేను తలుపు చాటుకు పోయేదాన్ని. సైకిలు మీద కూచోవడమైతే చెప్పనే అక్కర్లేదు. వీధి మలుపు దాకా నడిపించుకుపోయి, ఆయన కనుచూపు దాటాక ఎక్కేదాన్ని. వచ్చేటప్పుడు ఆ మలుపు దగ్గరే దిగేదాన్ని. అంటే, నా సైకిలుకు హ్యాండిల్ చెయ్యబోయే మనిషి నేను సైకిలు తొక్కగా ఒక్కసారీ చూడలేదన్నమాట. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. అప్పుడు ఆ ఇంట్లో ఎవరికీ అది నవ్వే విషయంగా తోచలేదు, నాకు కూడా.

ఆ మట్టిపలకను ఇంట్లోకి పంపి, అచ్చు వేయించి తెప్పించుకుంటే తీరిపోయేది. కానీ మా మామకు అంతకంటే గొప్ప ఉపాయం తట్టింది. పెరటిగోడ నిండా పిడకలు కొట్టి ఉండేవి. ప్రతి పిడక మీదా ఒక చెయ్యి అచ్చు, అయిదు వేళ్లూ స్పష్టంగా. కోడలు వచ్చాక పేడపని కోడలిదే కదా, ఇంతకంటే మంచి మట్టిపలక ఎక్కడ దొరుకుతుంది అనుకున్నాడు. ఎవరికీ చెప్పలేదు. ఒక పొద్దున నేను పల్లెలకు పోయాక, మా అత్త పాలు పోయడానికి పోయాక, దారమూ బొగ్గుముక్కా పట్టుకుని గోడ దగ్గరికి పోయి, ఏ పిడక మీద చూసినా చెయ్యి ఒకే తీరుగా వాలిందని ముచ్చటపడి, కొలుచుకుని వచ్చేశాడు. పిడక కొట్టేది కుడిచేత్తోనే కాబట్టి, ఎడమచెయ్యిని అద్దంలో చూసినట్టు ఊహించుకున్నాడు. ఇదంతా తర్వాత ఆయనే చెప్పాడు, అదీ మొదట్లో గర్వంగానే.

హ్యాండిల్ తయారై వచ్చింది. రెండు కొసలూ వెనక్కి ఒయ్యారంగా తిరిగి, బండి తోలేవాడు పగ్గాలు పట్టుకున్నంత దగ్గరికి వచ్చాయి. చూడముచ్చటగా ఉంది. మా అత్త మాత్రం, "కుక్కతోక మాదిరి ఉండాదే" అని మూతి తిప్పింది. నేను ఎంతో ఆశపడి తీసుకుపోయాను. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందంటారే, అట్లా అయింది నా పని. పిడులు పట్టుకుంటే మణికట్లు బయటికి మెలిపడేవి. మలుపు తిప్పితే హ్యాండిల్ కొస మోకాలికి కొట్టుకునేది. మిట్టెక్కేటప్పుడు దిగి తోసుకుపోవడం మేలనిపించేది. వారం గడిచేసరికి నొప్పి మోచేతులకు పాకింది. ఉగాదికి ఎక్కువ రోజుల్లేవు. ఒక సాయంత్రం ఇంటికొచ్చి, మా అత్తతో, "ఇంక నా వల్ల కాదత్తా, కాగితం రాసిచ్చేస్తాను" అన్నాను.

మా మామకు ఆ కబురు అందింది. దగ్గుకుంటూ వచ్చాడు. నేను తలుపు పక్కకు జరిగాను. సైకిలు పెరట్లో స్టాండు వేసి ఉంది. ఆయన మా అత్త వైపు తిరిగి, "అడగమ్మే, యాడ నొస్తాదో" అన్నాడు. నేను నిలబడ్డ చోటికి ఆయన మాట వినబడుతూనే ఉంది. అయినా మా అత్త నా వైపు తిరిగి, "యాడ నొస్తాదంట" అంది. మణికట్టు బయటి పక్క అని చెప్పాను. "అంతా నొస్తాదంట. ఆ పని మాన్పిస్తే అన్నీ పోతాయి" అని ఆయనకు చేరవేసింది. మామతో మాట్లాడే వీలుంటే కదా, కాదని చెప్పడానికి. ఆయనకు రోషం వచ్చింది. "అదెట్ల నొస్తాదమ్మే? ఆ పాప సెయ్యి సూసే గదా సేసినాను. గోడ మీద పిడకలన్నీ కొలిసినాను. ఒగ ఏలి తేడా గూడా లేదు" అన్నాడు.

మా అత్త ముఖం అప్పుడు చూడాలి. ఒకసారి గోడ వైపు చూసింది, ఒకసారి నా వైపు చూసింది. ఆ పిడకలు నావి కావు. నేను ఆ ఇంటికి వచ్చినప్పటినుంచీ ఒక్క పిడకా కొట్టలేదు. పొద్దున్నే బయల్దేరేదాన్ని, చీకటి పడ్డాక వచ్చేదాన్ని. పేడపనంతా మా అత్తే చేసేది. చేసి, కోడలే చేస్తోందని వీధిలో చెప్పేది. కోడలొచ్చినా ఇంకా పేడ పిసుకుతోందని ఎవరైనా అంటే తనకు తలవంపులని కొంత. మా మామకు తెలిస్తే, ఇంటి పని చెయ్యని కోడలికి ఉద్యోగమెందుకని అంటాడేమోనని కొంత. ఈ రెండోది ఆ సాయంత్రం ఆమె ముఖం చూసేదాకా నాకు తెలియదు. మానెయ్యి మానెయ్యి అని నోటితో అంటూనే ఉన్న మనిషి, నేను మానాల్సిన అవసరం రాకుండా చేతులతో కాపు కాస్తూ వచ్చిందని ఎలా అనుకుంటాను?

మా అత్త చెయ్యి కొంగుకు తుడుచుకుని సైకిలు దగ్గరికి పోయింది. జన్మలో సైకిలు ముట్టుకోని మనిషి, రెండు చేతులూ చాచి ఆ పిడులు పట్టుకుంది. అట్లాగే నిలబడిపోయింది. ఆ చేతులు ఆ వంపులో ఎంత చక్కగా ఒదిగాయంటే, చూస్తున్న మా ఇద్దరికీ చెప్పాల్సిన పని లేకపోయింది. పాలు పితికీ, పేడ పిసికీ, మణికట్లు పక్కకు తిరిగిపోయిన చేతులు అవి. వేలి కణుపులు లావెక్కి ఉన్నాయి. మా మామ దగ్గరికి వచ్చి వంగి, ఒక చేతిని చూశాడు, రెండో చేతిని చూశాడు. "ఇవి నీ సేతులా?" అన్నాడు.

"ఇంగెవురివి? గోడ మీద ఉండేటివి కొలిసినావు గానీ, ఒంటి మీద ఉండేటివి ఏ పొద్దు సూసినావు" అంది మా అత్త. గొంతులో కోపం లేదు. పిడులు వదలకుండానే, "బాగుండాదప్పా. ఈడ నొప్పి రెండు సేతులకూ ఎప్పుట్నుంచో ఉండాది. ఇది పట్టుకుంటే లేదు" అంది. హ్యాండిళ్ల గురించి ఆయన మాట్లాడకుండా ఉండడం నేను చూసింది అదొక్కసారే. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి, ఎవరి కోసమో సరిగ్గా తెలియదు. ఉద్యోగం పోతుందన్న దిగులు ఉంది. ఆమె చేతుల్లో అంత నొప్పి ఉందని, మణికట్టు నొప్పికి పక్క పల్లెల్లో ఆడవాళ్లకు మాత్రలిచ్చే నేను ఒక్కరోజూ అడగలేదన్న బాధ దానికి తోడైంది.

మా అత్త పిడులు వదిలి, లోపలికి పోతూ పోతూ గడప దగ్గర ఆగింది. "అడిగేదేందో ఆ పాపనే అడుగు. మధ్యలో నేనెందుకు, నాకు దూడను ఇప్పే పనుండాది" అంది. అని నిజంగానే పోయింది. పెరట్లో నేనూ మా మామా మిగిలాం. ఆయన దగ్గాడు. అప్పటికే ఎదురుగా ఉన్నాడు కాబట్టి ఆ దగ్గుకు అర్థం లేదు, అయినా దగ్గాడు. గోడ వైపు చూస్తూ, "యాడ నొస్తాది అమ్మణ్ణీ?" అన్నాడు. చెప్పాను. "సైకిలెక్కి కూచో" అన్నాడు. ఎక్కి కూచున్నాను. ఆయన ఇంకా గోడనే చూస్తున్నాడు. "మామా, ఇట్లా చూస్తేనే కదా తెలిసేది" అన్నాను. ఆ ఇంట్లో ఆయనతో నేను నేరుగా అన్న మొదటి మాట అదే. ఆయన తిరిగి చూశాడు. ఒకసారి చూడ్డం మొదలుపెట్టాక ఇంక కోడలూ లేదు, మామా లేదు. మోచేతులు దించమన్నాడు, భుజాలు వదులు చెయ్యమన్నాడు, కళ్లు మూసుకోమన్నాడు, పైగా నేను కూచునే తీరే బాగలేదని తిట్టాడు.

రెండో హ్యాండిల్ ఉగాదికి ముందే బిగించాడు. కొసలు వెనక్కి వచ్చాయి, కానీ మొదటిదానంత కాదు. పిడులు కొంచెం కిందికి వాలి, బయటికి కాస్త విచ్చుకున్నాయి. మొదటి మిట్ట ఎక్కి దిగేసరికి భుజాలు తేలికపడ్డాయి. కొన్ని వారాలకు వేళ్లలో తిమ్మిరి పోయింది. ఉగాదినాడు మా అత్త పచ్చడి చేతిలో పోసింది గానీ కాగితం మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఆ మర్నాడు వీధి మలుపు దాకా నడిపించుకుపోకుండా, గుమ్మం ముందే సైకిలెక్కాను. మా మామ అరుగు మీద కూచుని చూస్తూనే ఉన్నాడు. "మోసేతులు" అని మాత్రం వెనకనుంచి కేకేశాడు.

తను చేసిన మొదటి హ్యాండిల్‌ను కాల్చి తిన్నగా చేసి వేరే పనికి వాడతానని ఆయన అంటే, మా అత్త ఇవ్వలేదు. పశువుల కొట్టం స్తంభానికి నడుమెత్తున కట్టించుకుంది. పాలు పితికాక కాసేపు దాన్ని పట్టుకుని నిలబడేది. ఎవరైనా చూసి ఎక్కడికి పోతున్నావని ఆటపట్టిస్తే, "యాడికీ పోలా, నిలబడుకోని ఉండా" అనేది. పిడకలు మాత్రం అప్పటినుంచి ఆదివారాలు నేను కొట్టాను. నా చెయ్యి అచ్చు పక్కన ఆమె చెయ్యి అచ్చు చూస్తే ఎవరికైనా తేడా తెలిసేది, మా మామకు తప్ప.

ఆ తర్వాత బదిలీలు, మోపెడ్లు, సత్యవేడు పక్క ఊళ్లు, మా ఆయన రిటైరు కావడం, చివరికి తిరుపతిలో ఈ ఇల్లు. మా మామ పోయాడు, ఆయన వెనకే మా అత్తా పోయింది. నా హ్యాండిల్ ఆ సైకిలుతోపాటే ఎప్పుడో పాత ఇనుముకు పోయింది. మా అత్త హ్యాండిల్ మాత్రం ఎందుకో పారేయలేక, ఇల్లు మారిన ప్రతిసారీ గోనెసంచిలో చుట్టి తెస్తూనే ఉన్నాను. మొన్న అటక మీదినుంచి దింపించాను. మా ఆయనకు వాళ్ల నాన్న పనితనం రాలేదు గానీ, ఓపికగా లేతు మిషన్ పనివాడి దగ్గరికి తీసుకుపోయి, ఈ ఎక్కడికీ పోని సైకిలుకు బిగించే ఏర్పాటు చేయించారు.

నిన్న పొద్దున ఎక్కి కూచున్నాను. మణికట్లు మెలిపడతాయని తెలుసు, ఒకప్పుడు పడ్డ బాధ గుర్తుంది, అందుకని భయంభయంగానే చేతులు చాచాను. చేతులు పోయి ఆ వంపులో కూచున్నాయి. ఎక్కడా ఒత్తిడి లేదు, ఎక్కడా నొప్పి లేదు. వంగి చూసుకుంటే లావెక్కిన కణుపులు, పక్కకు తిరిగిన మణికట్లు, అచ్చంగా ఆ గోడ మీది చేతులే. చాలాసేపు తొక్కకుండా అట్లాగే పట్టుకుని కూచున్నాను. మా మామ కొలత తప్పని ఇన్నేళ్లూ అనుకుంటూ వచ్చాను. తప్పేమీ లేదు, పాపం. నా చేతులకే చేశాడు, కాకపోతే అవి అక్కడికి చేరడానికి ఇంతకాలం పట్టింది.